కింద గది ఖాళీగానే ఉంది

నేను జర్మనీకి వచ్చింది టూరిజం మేనేజ్‌మెంట్ చదవడానికి. అందులో క్రైసిస్ మేనేజ్‌మెంట్ అని ఒక పేపరుండేది. వరద వస్తే ఏం చేయాలి, హోటల్ తగలబడితే ముందు ఎవరికి ఫోన్ చేయాలి అని మా ప్రొఫెసర్ బోర్డు మీద బాణాలు గీసి చూపించేవాడు. ఆ బాణాల్లో ఎక్కడా మనవాళ్ళు లేరు. వాళ్ళ గురించి నేను ఉద్యోగంలో చేరాకే నేర్చుకున్నాను.

ఉద్యోగం హైదరాబాద్‌లో ఉన్న ఒక టూర్ కంపెనీకి. వేసవి వస్తే ఆ కంపెనీ తెలుగువాళ్ళని బస్సులకి బస్సులు యూరప్ మీదికి తోలుతుంది. పారిస్‌లో ఫొటోలు, స్విట్జర్లాండ్‌లో మంచు విసురుకోవడం, చివరికి ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం. ఎక్కడున్నా రాత్రికి చారు, పెరుగన్నం పడాల్సిందే కాబట్టి గ్రూపుతో పాటు ఇద్దరు వంటవాళ్ళు కూడా వస్తారు. నేను డార్మ్‌స్టాట్‌లో ఒక గదీ వంటగదీ అద్దెకు తీసుకుని ఉంటాను. వీళ్ళకి ఈ దేశంలో ఏ తంటా వచ్చినా చూసుకోవాల్సింది నేనే. పాస్‌పోర్టు పోయినా నేనే, బస్సు డ్రైవరు అలిగినా నేనే.

మా యజమానికి ఒక సిద్ధాంతం ఉంది. "జరిగింది క్రైసిస్ కాదమ్మా, బయటికి పొక్కింది క్రైసిస్" అంటాడు. మొదటిసారి విన్నప్పుడు నవ్వాను. ఇప్పుడు ఆ గొంతు ఫోన్లో వినబడితే చాలు, ఈసారి ఏం దాచమంటాడో అని చూస్తాను.

ఒక ఏడు జూన్‌లో మా గ్రూపు ఒకటి తిరుగు ప్రయాణానికి ఫ్రాంక్‌ఫర్ట్ చేరేసరికి గల్ఫ్ మీద ఆకాశ మార్గం మూసేశారు. ఎక్కడో ఎవరో క్షిపణులు వేసుకుంటున్నారట. అటుగా వెళ్ళే విమానాలన్నీ రద్దు. దానికి తోడు అదే వారం ఊళ్ళో మెస్సే. పెద్ద వ్యాపార ప్రదర్శన అది, అది జరుగుతుంటే ఫ్రాంక్‌ఫర్ట్‌లో హోటల్ గది దొరకడం కలలో మాట. విమానాశ్రయం వాళ్ళు మడత మంచాలు వేసి, తలా ఒక దుప్పటి ఇచ్చారు. ముసలీ ముతకా ఉన్న గ్రూపు. డ్యూసెల్‌డార్ఫ్ దాకా బస్సులో తీసుకెళ్ళి అక్కడైనా గదులు చూద్దామని యజమానికి ఫోన్ చేశాను.

"హోటళ్ళెందుకమ్మా? అక్కడ మనోళ్ళు ఎంతమంది లేరు! తలా ఇద్దర్ని ఇంట్ల పెట్టుకుంటే అయిపాయె. మనోళ్ళకి మనోళ్ళు. మంచి పోస్టు కూడా అయితది" అన్నాడు.

తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులన్నిటిలో సందేశం పెట్టాను. జనం కదలలేదంటే అబద్ధం. కాసేపట్లోనే నా ఫోను వేడెక్కిపోయింది. మా ఇంట్లో ఇద్దర్ని పెట్టుకుంటాం, మా ఇంట్లో ముగ్గుర్ని అని ఒకటే మెసేజులు. నాకు నిజంగానే కళ్ళు చెమర్చాయి. ఆ తడి ఆరకముందే ప్రశ్నలు మొదలయ్యాయి.

"వెజ్జా నాన్‌వెజ్జా అండి?" ఇది పైకి అడిగేది. "ఏ వైపు వాళ్ళండి?" ఇది దాని వెనక వచ్చేది. "ఇంటిపేర్లు పంపిస్తారా, తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారేమో చూస్తాం." ఇది అసలుది. ఒకావిడ "మా దేవుడి మందిరం హాల్లోనే ఉందండీ, మీకు చెప్పక్కర్లేదు" అంది. నిజమే, చెప్పక్కర్లేదు. జర్మన్ ఇంటి ఓనరు తన పేరు చూసి ఇల్లివ్వలేదని పోయిన నెలే గ్రూపులో పేజీడు ఏడ్చిన ఒకతను కూడా ఇంటిపేర్లు అడిగాడు. అతని ఏడుపుకి అప్పుడు నేను కూడా జాలిపడి సమాధానం రాశాను. చెప్పేవి శ్రీరంగనీతులు అని మా నాయనమ్మ ఊరికే అనేది కాదు.

నన్ను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. నా ఇంటిపేరు ఫోన్లో కనబడుతూనే ఉంటుంది. దాన్ని చూసి లెక్క కట్టుకున్నారు. ఈ పిల్ల పరాయిది కాదులే అని తేల్చుకున్నాకే అంత బాహాటంగా మాట్లాడారు. వాళ్ళు అడిగినదానికంటే, నాతో చెప్పుకోవచ్చని వాళ్ళకి కలిగిన ఆ నమ్మకమే నాకు ఎక్కువ రోత పుట్టించింది.

ఏమీ అడగనివాళ్ళు డార్మ్‌స్టాట్‌లో ఒకే ఇంట్లో సర్దుకుని ఉండే విద్యార్థులు. "ఎంతమందైనా పంపక్కా, పరుపులు లేవు గానీ జాగా ఉంది" అన్నారు. నడవగలిగిన మగవాళ్ళని అక్కడికి పంపాను. వంటవాళ్ళని ఏ ఇంటివాళ్ళూ కోరలేదు. మా ఇంటి తాళం వాళ్ళ చేతిలో పెట్టి, రైలెక్కించాను.

మధ్యాహ్నానికి మిగిలినవాళ్ళలో ఖమ్మం నుంచి వచ్చిన దంపతులు ఉన్నారు. ఆయన కరెంటు ఆఫీసులో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఆవిడ టీచరు. ఆయన మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి, టూరంతా చక్రాల కుర్చీలోనే తిరిగారు. అయినా బస్సులో అందరికంటే హుషారు ఆయనదే. విమానాలు రద్దయ్యాయని చెప్పినా ఆయన మొహంలో దిగులు లేదు.

"ఇన్ని దేశాలు తిరిగినం గద బిడ్డా, ఒక్కడన్నా మీరెవరని అడిగిండా? పాస్‌పోర్టు అడిగిండ్రు, చూసిండ్రు, ఇచ్చిండ్రు. అంతే" అన్నారు నాతో. అంతకు ముందు కూడా బస్సులో ఆ మాట చాలాసార్లు విన్నాను. అన్న ప్రతిసారీ ఆయనకి అది కొత్తగానే ఉండేది.

ఆవిడ నన్ను మంచినీళ్ళ వంకతో పక్కకి పిలిచారు.

"మా కోసం ఎవ్వర్ని అడగకు బిడ్డా. మేమిక్కడ్నే ఉంటం."

"ఆ మంచం మీంచి సార్ లేవలేరు ఆంటీ. ఎక్కడో ఒకచోట చూస్తాను."

"చూడకు. మేం దళితులం. బదిలీ అయిన ప్రతి ఊళ్ళె కిరాయి ఇల్లు కోసం ఆయన ఎన్ని గడపలు తొక్కిండో నాకు తెల్సు. ఒక ఊళ్ళె మేం సామాను ఎక్కిస్తుంటెనే ఓనరు గడప కడిగిచ్చిండు. చాన రోజులు ఈయన అన్నం సరిగ తినలే. ఈ దేశాలల్ల అది లేదని చిన్నపిల్లల లెక్క సంబరపడ్తుండు. ఆ సంబరం ఇంటికి పోయేదాక ఉండనీ. నాకు అంతే కావాలె."

సరేనన్నాను. నా ఒక్క గదీ అప్పటికే వంటవాళ్ళకి ఇచ్చేశాను కాబట్టి, ఎవరి ఇంటికీ పంపకుండా విమానాశ్రయం వైద్యుల దగ్గర ఒక ఎత్తు మంచం అడుగుదామని వెళ్ళబోతున్నాను. అప్పుడే వచ్చాడు అతను.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక బ్యాంకుకి సాఫ్ట్‌వేర్ చేసే మనిషి. ఊరి చివర సొంత ఇల్లు. వాట్సాప్ గ్రూపుల్లో ప్రతి పండక్కీ ముందుండేది అతనే. వాళ్ళది గుంటూరు వైపు. నన్ను పలకరించి, సూట్‌కేసులకి కట్టిన మా కంపెనీ ట్యాగులు వంగి వంగి చదువుతూ నడిచాడు. సంతలో పశువుల పళ్ళు చూసినట్టుంది నాకు. ఆ దంపతుల సూట్‌కేసు దగ్గర ఆగిపోయాడు.

"అరె, ఇది మా ఆవిడ పుట్టింటి ఇంటిపేరండీ. మనవాళ్ళు ఇక్కడ మడత మంచాల మీద పడుకోవడం ఏంటి? బాబాయిగారూ, పదండి మనింటికి. కింద గది ఖాళీగానే ఉంది. బాత్రూమ్ కూడా అందులోనే. మీరు ఒక్క మెట్టు ఎక్కక్కర్లేదు."

ఒకే ఇంటిపేరు రెండు మూడు కులాల్లో ఉండటం మన దగ్గర ఎంత మామూలు! అది అతనికి తట్టలేదు. ట్యాగు చదివి చుట్టరికం కలిపేసుకున్నాడు. పెద్దాయన మొహం వెలిగిపోయింది. ముక్కూ మొహం తెలియని మనిషి బాబాయ్ అని పిలిచి చెయ్యి పట్టుకున్నాడు మరి. నేను నోరు తెరవబోయాను. ఆవిడ నా వైపు చూసి తల అడ్డంగా ఊపారు. ఆయన ఎదురుగా ఏ అడ్డు చెప్పినా, అదెందుకో చెప్పాల్సి వస్తుంది. అతను కారు దగ్గర ఇద్దరి భుజాల మీదా చేతులేసి ఫొటో తీసుకున్నాడు. అది నేను ఇల్లు చేరకముందే అన్ని గ్రూపుల్లోకీ వచ్చేసింది.

సాయంత్రం, ఇంకా ఎండ ఉండగానే, అతని ఫోన్ వచ్చింది.

"మేడమ్, చిన్న ఇబ్బందండీ. మా అత్తగారికి సడన్‌గా ఒంట్లో బాగోలేదు. కింద గది ఆవిడకి కావాలి. పై గదికి బాబాయిగారు ఎక్కలేరు కదా. మీరొచ్చి తీసుకెళ్తే బాగుంటుంది."

మధ్యాహ్నం బాబాయిగారు. ఇప్పుడూ బాబాయిగారే. ఆ పిలుపు అతని నోట్లో ఎంత తేలిగ్గా ఉందో చూసి ఒళ్ళు మండిపోయింది. నా పాత కారు తీసుకుని వెళ్ళాను.

తలుపు తీసేసరికి పెద్దాయన గుమ్మం పక్కనే కుర్చీలో ఉన్నారు. సూట్‌కేసు అప్పటికే చెప్పుల స్టాండు దగ్గరికి చేర్చి ఉంది. ఆయన ముందున్న స్టూలు మీద కాగితం ప్లేటు, అందులో సగం తిన్న ఇడ్లీ. డైనింగ్ టేబుల్ మీద ఇంటివాళ్ళ స్టీలు కంచాలు మెరుస్తున్నాయి. వంటగదిలో అత్తగారు పకోడీలు వేస్తోంది. నూనె చిటపటలాడే చప్పుడు మీదుగా ఆవిడ గొంతు ఖంగుమని వినిపిస్తోంది. కింద గది తలుపు వారగా తెరిచి ఉంది. మంచం మీద ఉతికిన దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది. దాని మీద ఎవరూ లేరు.

పెద్దాయన అతని చెయ్యి పట్టుకుని క్షమాపణ చెబుతున్నారు.

"నా మోకాళ్ళ వల్ల మీకు ఎంత తిప్పలైంది నాయనా. మెట్లు ఎక్కగలిగితే పైన ఒక మూలకు పడుంటుంటిమి. ఏమనుకోకు."

"అయ్యో, పర్లేదండీ" అన్నాడు అతను. పర్లేదట. ఆ చెయ్యిని ఆయన చేతుల్లోంచి మెల్లగా, చాలా మర్యాదగా విడిపించుకున్నాడు. నన్ను వరండాలోకి పిలిచాడు.

"మీరైనా ముందే ఒక మాట చెప్పాల్సిందండీ. మీకు తెలియనివా ఇవి. నాకైతే ఏ పట్టింపూ లేదు, ఆఫీసులో అందరితో కలిసే తింటాను. అత్తగారు పెద్దావిడ. ఆవిడకి మనం చెప్పలేం కదా."

పట్టింపు ఎప్పుడూ అత్తగారిదే. ఇక్కడ ఏ ఇంట్లో విన్నా అంతే. వీసా ఇప్పించి, విమానం టికెట్ కొని, కుళ్ళు మొయ్యడానికి ఒక అత్తగారిని తెచ్చిపెట్టుకుంటారు. ఒంట్లో బాగోలేని మనిషి అన్ని పకోడీలు ఎలా వేస్తోందయ్యా అని గొంతుదాకా వచ్చింది. గుమ్మం అవతలే పెద్దాయన ఉన్నారు. కారు డోరు తీయడానికి వెళ్ళాను.

ఆయన్ని కార్లో కూర్చోబెట్టి, సూట్‌కేసు కోసం మళ్ళీ వెనక్కి వచ్చాను. టీచరుగారు కూడా నాతో నడుస్తున్నారు. ఇంటి పక్కన చెత్త డబ్బాలు వరసగా ఉన్నాయి. ఇక్కడ కాగితాలకి ఒకటి, తిండి చెత్తకి ఒకటి, డబ్బాలూ ప్లాస్టిక్కులూ వెయ్యడానికి పసుపు రంగుది ఒకటి. పసుపు డబ్బా మూత సరిగ్గా పడలేదు. లోపల, పైపైనే, రెండు స్టీలు గ్లాసులు. కాఫీ మరక ఇంకా ఆరలేదు. సొట్ట లేదు, చిల్లు లేదు. నిగనిగలాడే కొత్త గ్లాసులు.

మధ్యాహ్నం కాఫీ ఇచ్చినప్పటికి ఇంకా చుట్టాలే. వంటగదిలో వాళ్ళత్తగారు టీచరుగారిని "మీరు గుంటూరులో ఎవరి తాలూకు?" అని అడిగిందట. ఆ తర్వాతే కాగితం ప్లేట్లు వచ్చాయి. అంత అసహ్యంలో కూడా చెత్త వేరు చెయ్యడం మరిచిపోలేదు చూడండి. లోహం పసుపు డబ్బాలోనే పడాలి. ఈ దేశం వచ్చి నేర్చుకున్నది అదొక్కటి.

నేను అక్కడే నిలబడిపోయాను. వెనక్కి వెళ్ళి ఆ గ్లాసులు అతని డైనింగ్ టేబుల్ మీద పెట్టి రావాలనిపించింది. టీచరుగారు చెయ్యి చాచి డబ్బా మూత సరిగ్గా మూశారు.

"నేను అబద్ధం చెప్పలే బిడ్డా. అడిగింది, చెప్పిన. టీచర్ని గద" అన్నారు. "ఆయనకు మాత్రం తెల్వద్దు."

మా ఇంట్లో వంటవాళ్ళు ఉన్న ఒక్క మంచమూ ఖాళీ చేసి, వేడి వేడి చారు కాచారు. లిఫ్టు ఉన్న బిల్డింగు కాబట్టి ఆయనకి ఇబ్బంది లేకపోయింది. ఆయన తృప్తిగా తిన్నారు. తిని, చెయ్యి కడుక్కుని, "పాపం వాళ్ళ అత్తగారికి ఎట్లున్నదో. ఒకసారి ఫోన్ చేసి అర్సుకో బిడ్డా" అన్నారు. చేశానని చెప్పాను, తగ్గిందట అని చెప్పాను. టీచరుగారు కంచంలోంచి తల ఎత్తలేదు.

మర్నాడు యజమానికి జరిగినదంతా చెప్పాను. ఆ గుంటూరు అతన్ని గ్రూపుల్లో నలుగురి ముందూ నిలదీయాలని అడిగాను. ఆయన నవ్వాడు.

"మనం సంఘసంస్కరణ కంపెనీ పెట్టినమా అమ్మా? ఆయన పోస్టుకి ఎన్ని లైకులొచ్చినయో చూసినవా? ఆ పెద్దమనుషులు కంప్లైంట్ చేసిండ్రా? లేదు గద. మరి నీకేంది?"

రెండు రోజులకి దారి తెరిచారు. హైదరాబాద్ విమానం ఖాయమైంది. అందరూ మళ్ళీ టెర్మినల్‌కి చేరారు. ఆతిథ్యం ఇచ్చినవాళ్ళు కూడా పెరుగన్నం పొట్లాలు పట్టుకుని సాగనంపడానికి వచ్చారు. యజమాని వీడియో కాల్‌లో దిగాడు. వచ్చినవాళ్ళని శాలువాలతో సత్కరించాలట. శాలువాలు కొనాల్సిన పని కూడా పడలేదు. ఇక్కడి ఏ తెలుగు సంఘం వాళ్ళింట్లో చూసినా బియ్యం నిండుకుంటాయేమో గానీ శాలువాలు నిండుకోవు.

"గ్రూపులో పెద్దవాళ్ళెవరన్నా ముందుకి రండి. మీ చేతుల మీదుగా కప్పితే బాగుంటది" అన్నాడు యజమాని ఫోన్లోంచి.

చక్రాల కుర్చీలోంచి చెయ్యి లేచింది.

"మేం కప్పుతం" అన్నారు పెద్దాయన. "ఉన్నది ఒక్క పూటైనా బాబాయ్ అని పిల్చిండు. వాళ్ళింట్ల కాఫీ తాగినం. మా ఇంటామె కప్పుతది, నేను నిలబడలేను."

అతను అక్కడే ఉన్నాడు, భార్యతో. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. యజమాని మొహం తెర మీద విప్పారింది. ఇంతకంటే మంచి ముగింపు ఆయన డబ్బు పెట్టి కొన్నా దొరకదు. శాలువా కప్పించుకున్నవాళ్ళ మీద ఇంక ఎవరు ఏం చెబుతారు? నేను టీచరుగారి దగ్గరికి వెళ్ళి చెవిలో చెప్పాను, నేను ఆపేస్తాను ఆంటీ, విమానం టైమైందని చెబుతాను.

"ఆపితే ఎందుకాపినవంటడు. మనసుల పెట్టుకుని విమానమంత అడుగుతడు" అన్నారు ఆవిడ. "ఇటియ్యి."

శాలువా మడత విప్పి, కొంగు సర్దుకుని, ముందుకు నడిచారు. ముందు అతనికి, తర్వాత అతని భార్యకి. ఆ అమ్మాయి భుజాలు బిగదీసుకుంది, ఊపిరి కూడా తీసినట్టు లేదు. టీచరుగారు తొందరపడలేదు. బడిలో ఇన్‌స్పెక్టరుకి కప్పినంత పద్ధతిగా, రెండు అంచులూ సమానంగా వచ్చేదాకా సర్ది, రెండు చేతులూ జోడించారు. నేను చప్పట్లు కొట్టలేదు. నా చేతులు ఆయన కుర్చీ వెనక పిడి మీద ఉన్నాయి.

ఆ చక్రాల కుర్చీలో కూర్చుని, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఆయనే.